వానపాముకి రెండు చప్పట్లు

వాన వెలిశాక మా డ్రైవ్‌వే మీదకి వానపాములు వస్తాయి. అమెరికాలో మేముండే ఈ క్యారీలో నేలంతా ఎర్ర బంకమట్టి, నీళ్లు ఓ పట్టాన ఇంకవు. ఊపిరాడక అవి సిమెంటు మీదకి పాక్కుంటూ వచ్చి, ఎండ కాసేసరికి తిరిగి వెళ్లే దారి తెలియక అక్కడే ఎండిపోతాయి. మా పాప వాటి ముందు గొంతుక్కూర్చుని చూస్తూ ఉండేది. ఎంతసేపైనా చూసేది. ముట్టుకోదు, అరవదు, మా వైపు తిరిగి అదిగో అన్నట్టు వేలు పెట్టి చూపించదు. ఆ చూపించకపోవడమే నా ప్రాణాలు తోడేసేది.

అప్పటికి పాపకి రెండున్నరేళ్లు. ఒక్క మాట లేదు. అమ్మ లేదు, నాన్న లేదు, పాలు లేవు. ఏడుపు ఉంది, నవ్వు ఉంది, గొంతులో ఏదో సన్నటి రాగం ఉంది. మాట మాత్రం లేదు.

మా ఆయనది నార్వే. ఇక్కడ ఒక మందుల కంపెనీలో పని చేస్తాడు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పాప కడుపులో ఉండగానే ఇద్దరం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. ఆయన పాపతో తన భాషే మాట్లాడాలి, నేను తెలుగే మాట్లాడాలి, ఇంగ్లీషు సంగతి డేకేర్ చూసుకుంటుంది. కనబడ్డవాళ్లందరికీ ఈ మాట ఎంత గొప్పగా చెప్పుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. మూడు భాషల పిల్ల అని మురిసిపోయాను. చివరికి మూడింటిలో ఒక్కటీ దాని నోట్లోంచి రాలేదు.

రెండేళ్ల చెకప్‌లో పిల్లల డాక్టరు కంప్యూటర్ వైపు చూస్తూ ఒక్కో ప్రశ్నే అడిగింది. ఎన్ని మాటలు వచ్చు, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా, కావాల్సింది చూపిస్తుందా. తర్వాత ఇంకోటి అడిగింది: మీరు చేసేది చూసి తనూ అలాగే చేస్తుందా? నేను "సమ్‌టైమ్స్" అన్నాను. ఎప్పుడూ చేయలేదు. మా ఆయన నా వైపు చూశాడు. మళ్లీ వెళ్లినప్పుడు కూడా అదే ప్రశ్న, అదే జవాబు. డాక్టరు అప్పుడు మెత్తగా ఒక మాట అంది, మాట రాకపోవడానికి అది కారణం కావచ్చంది, తొందరపడి ఏమీ అనుకోవద్దంది, ఇంటికే ఒక నిపుణురాలు వచ్చి పాపని చూస్తుందని పేరు రాయించింది. ఆ మెత్తటి మాటని నేను బాత్రూమ్‌లో తలుపేసుకుని ఫోన్‌లో వెతికేదాన్ని. పైకి మాత్రం ఏ భాషలోనూ అనలేదు. అంటే అది నిజమైపోతుందని భయం.

మా ఆయనకి భయం వేస్తే మాట తగ్గుతుంది. నాకు భయం వేస్తే కోపం వస్తుంది. అందుకని ఆ రోజుల్లో మా ఇంట్లో ఒకరు అరుస్తూ, ఒకరు మౌనంగా, ఒకరు అసలు మాటే లేకుండా ఉండేవాళ్లం. ఆయన ఆ మౌనంలోంచే ఒక పని మొదలుపెట్టాడు. పాప ఎదురుగా కింద కూర్చుని మాటలకి చప్పట్లు కొట్టడం. వాళ్ల దేశంలో పిల్లల బడిలో అలాగే నేర్పుతారట. మాటలో ఎన్ని ముక్కలుంటే అన్ని చప్పట్లు. వానపాము పక్కన కూర్చుని "రైన్, ఉర్మ్" అని రెండు చప్పట్లు కొట్టేవాడు. రైన్ అంటే వాన. ఉర్మ్ అంటే పురుగూ అవుతుంది, పామూ అవుతుంది. అర్థం విన్నప్పుడు నాకు సరదా వేసింది. ఇంత దూరపు మనుషులు కూడా దాన్ని వానపామే అన్నారు.

సరదా అక్కడితో సరి. ఆయన పని మీద వేరే ఊరు వెళ్లినప్పుడు పాపకి ఆ భాష పుస్తకాలు నేనే చదవాలి. వాటిలో మాటలు గూడ్సు బండిలా ఉంటాయి. రెండు మూడు మాటలు ఖాళీ లేకుండా తగిలించి ఒకే మాట చేస్తారు. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైందో చూసి తెలుసుకోవాల్సిందే. నేనేమో రైనుర్ము అని చదివేదాన్ని. మన నాలికకి అడ్డుగోడ అంటే గిట్టదు. హల్లు కనిపిస్తే పక్కనున్న అచ్చు మీదకి ఎక్కించేస్తాం, చివర్న ఏమీ లేకపోతే ఊరుకోలేక ఒక ఉకారం తగిలిస్తాం. రెండు చప్పట్ల మాట నా నోట్లో పడి మూడు చప్పట్లయ్యేది.

ఆయన ఓపికగా చెప్పాడు. ముందు అతుకు ఎక్కడుందో పట్టుకో, ఆ తర్వాతే ముక్కలు లెక్కపెట్టు. ముందున్న మాట మీద బరువు వెయ్యి, కానీ వెనకదాన్ని మింగెయ్యకు, దాని బరువు దానికి ఉంటుంది. మొత్తం మాటకి ఒకే రాగం ఉంటుంది, అది మధ్యలో తెగకూడదు. ఈస్టర్ గుడ్డుకి వాళ్ల మాట పోస్కె-ఎగ్. నేను పోస్కెగ్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, రెండు ఎ-లూ వినబడాలి, మధ్యలో సన్నగా ఆగాలి అన్నాడు. చిన్నప్పుడు పరీక్షల్లో సంధి విడదీయమంటే రెండు మార్కులకి విడదీసి పారేసినదాన్ని, ముప్పై అయిదేళ్లకి మళ్లీ అదే పరీక్ష రాస్తున్నాను. మనకి అమ్మా అమ్మా కలిస్తే అమ్మమ్మ. మధ్యలో ఉన్న అకారం ఎటు పోయిందని ఎవరూ బెంగపెట్టుకోరు. వాళ్లకి అమ్మ వాళ్లమ్మ ముర్-ముర్. ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు, ఎవరూ ఎవరిలోనూ కలిసిపోరు.

మామూలు రోజుల్లో అయితే నేనీ సంగతులకి నవ్వుకునేదాన్నే. కానీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పాప తల నా గుండెకి ఆనుకుని ఉండగా, ప్రతి పొడుగు మాట దగ్గరా నాకు చెమటలు పట్టేవి. తప్పుగా విడదీస్తే దాని బుర్రలో ఏం ముడిపడుతుందో. ఇప్పటికే ఏదో ముడిపడి ఉంటే నేను ఇంకా బిగిస్తున్నానేమో. సీతాకోకచిలుకకి వాళ్లు సొమ్మర్-ఫూల్ అంటారు, వేసవి పిట్ట అని. ఎంత ముద్దయిన మాట! ఆ పేజీ నేను చదవకుండా తిప్పేసేదాన్ని.

ఆ వసంతంలో మా అమ్మ వచ్చింది. తెనాలి నుంచి ఆరు నెలలుండడానికి. సూట్‌కేస్ తెరిస్తే కారప్పొడి పొట్లాల మధ్యలో, పాత చీర ముక్కలో చుట్టి, ఒక చిన్న సానరాయి, నాలుగు వసకొమ్ములు కనిపించాయి. చూడగానే నాకు అర్థమైంది. మా వైపు పసిపిల్లలకి వస పోస్తారు. కొమ్ముని ఆముదం దీపం మీద కాల్చి, తేనెతో సానమీద అరగదీసి, చిటికెన వేలితో నాలిక మీద రాస్తారు. మాట త్వరగా, స్పష్టంగా వస్తుందని. ఎక్కువ మాట్లాడేవాళ్లని వసపిట్ట అనేది అందుకే. మా పాప పుట్టినప్పుడు అమ్మ రాలేకపోయింది, వస పోసేవాళ్లు లేరు. మాట రాకపోవడానికి అదే కారణమని ఆవిడ నమ్మకం.

నేను ఒప్పుకోలేదు. ఇక్కడ దాన్ని తిండిలో కలపడమే నిషేధం, నేను చదివాను, పిల్లలకి మంచిది కాదు అని చెప్పాను. నీకు పోశాను కాబట్టే ఇంత నోరుంది నీకు అని ఆవిడ విసుక్కుంది. మాటా మాటా పెరిగింది. దాని జోలికి వెళ్లావంటే నేను ఊరుకోను అన్నాను. అమ్మ మూట కట్టి తన గదిలో అలమారా పైన పెట్టేసింది. నేను ప్రతి రెండు రోజులకీ కుర్చీ వేసుకుని ఎక్కి, ముడి అలాగే ఉందా అని చూసుకునేదాన్ని. కన్నతల్లి మీద కాపలా కాసేంత భయం నాది.

అమ్మ వచ్చాక ఇల్లు కొంచెం ఇల్లులా అయింది. పాప డేకేర్‌కి మధ్యాహ్నం దాకానే వెళ్లేది, ఆ తర్వాత అమ్మ దగ్గరే. అమ్మ దానితో ఒకటే మాట్లాడుతుండేది. కూరగాయలు తరుగుతూ మాట్లాడేది, బట్టలు మడతపెడుతూ మాట్లాడేది, ఎదురింటి కుక్క గురించి, పోస్టు తెచ్చే ఆవిడ జుట్టు గురించి. సాయంత్రం మా ఆయన చప్పట్లకి కూర్చుంటే అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చునేది. అత్తా అల్లుళ్లకి ఉమ్మడి భాష లేదు. ఆయనకి తెలుగులో పది మాటలొస్తే, ఆవిడకి ఇంగ్లీషులో ఓకే వచ్చు. చప్పట్లలో మాత్రం బాగానే కలిశారు. "రైను... ఉర్ము" అని అమ్మ నాలుగు కొట్టేది. ఆయన రెండు వేళ్లు చూపించేవాడు. అమ్మ "ఓకే ఓకే" అని మళ్లీ నాలుగు కొట్టేది. పాప మాత్రం ఇద్దరి చేతుల వంకా చూసేది, వానపాముని చూసినట్టే. చెయ్యి మాత్రం కదిపేది కాదు.

ఒక శనివారం తెలిసినవాళ్లింట్లో పాట్‌లక్, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే విందు. పిల్లలంతా బేస్‌మెంట్‌లో అరుచుకుంటూ ఆడుతున్నారు. మా పాప గోడవార కూర్చుని ఒక ప్లాస్టిక్ గరిటెని తిప్పుకుంటోంది. మా స్నేహితురాలి అత్తగారు, ఆవిడా అమ్మలాగే ఇండియా నుంచి చూడ్డానికి వచ్చినావిడే, అది చూసింది. పులిహోర వడ్డించుకుంటూ అందరిలోనూ అడిగింది, ఇంకా మాటలు రాలేదా అని. నేను వస్తున్నాయండీ అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. "మూడు భాషలంటే చంటిదానికి కన్‌ఫ్యూజన్ కాదూ? ఒకటన్నా తగ్గించుకోండమ్మా. మా ఎరిగినవాళ్ల పిల్లాడికీ ఇంతే, ఇంట్లో ఇంగ్లీష్ ఒక్కటే పెట్టుకున్నారు, గలగలా వచ్చేశాయి."

నలుగురూ ప్లేట్లలోకి చూశారు. నాకు మొహం కాలిపోయింది. డాక్టరు అలాంటిదేమీ లేదంది, భాషల వల్ల ఇలా కాదంది అని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను, ఎవరో వెంటనే పెరుగు కావాలా అని అడిగారు. అమ్మ నా పక్కనే ఉంది. ఏమీ అనలేదు. కారులో కూడా ఏమీ అనలేదు. ఆవిడకి నా మీద కోపం వచ్చిందేమో అనుకుని నేనూ కదిలించలేదు.

తర్వాతి వారం ఇంట్లో ఏదో తేడా వచ్చింది. ఏమిటో పట్టుకోలేకపోయాను. ఒకరోజు ఆఫీస్ కాల్ మధ్యలో మ్యూట్ పెట్టుకుని వింటే తెలిసింది. వంటింట్లోంచి అమ్మ గొంతు రావడం లేదు. పాప దగ్గరే ఉంది, గిన్నెల చప్పుడవుతోంది, మాట లేదు. వెళ్లి చూస్తే పాపకి అన్నం పెడుతూ మౌనంగా చెంచా అందిస్తోంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. బాగానే ఉందే, గొంతు పట్టేసింది అంది. ఇక్కడి పుప్పొడికి అందరికీ అలాగే అవుతుంది, కార్ల మీద పచ్చటి దుమ్ము వేలితో పేరు రాసేంత మందాన పేరుకుంటుంది. అలర్జీ మాత్ర ఇచ్చి నా పనిలో పడ్డాను.

ఇంటికొచ్చే నిపుణురాలు ఫోన్ చేసి, వచ్చే వారం వస్తానంది. ఆ ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

రెండు రోజుల తర్వాత నేను ఆఫీస్‌కి వెళ్లాల్సి వచ్చింది. మధ్యాహ్నం మా ఆయనే పాపని డేకేర్ నుంచి తెచ్చి అమ్మ దగ్గర దింపి వెళ్లాడు. సాయంత్రం నాలుగింటికి ఇంటికి వచ్చి గరాజ్ తలుపు తీయగానే వాసన కొట్టింది. కాలిన ఆముదం, దాని కింద ఘాటుగా, తడిమట్టిలా ఒక వాసన. పుట్టి పెరిగిన ఇంట్లో వాసన, పొరపడే ప్రశ్నే లేదు. వంటింటి గట్టు మీద సానరాయి తడిగా ఉంది. పక్కన తేనె సీసా మూత తీసి ఉంది. హాల్లో సోఫా మీద పాప పక్కకి ఒరిగి పడుకుని ఉంది. గౌను ముందంతా వాంతి. అమ్మ తడిగుడ్డతో తుడుస్తోంది. పాప మొహం తెల్లగా పాలిపోయి ఉంది, కళ్లు సగం మూసుకుపోతున్నాయి.

"ఏం పెట్టావు దానికి?" అన్నాను.

"ఏమీ పెట్టలేదే. ఇప్పుడే రెండోసారి కక్కింది, నీకే ఫోన్ చేద్దామని..."

మిగతాది నేను వినలేదు. ఏం అరిచానో నాకు సరిగ్గా గుర్తు లేదు, గుర్తున్నది రాయాలని లేదు. అమ్మ రెండు చేతులూ ఊపుతూ పెట్టలేదు పెట్టలేదు అంటూనే ఉంది. నేను పాపని ఎత్తుకున్నాను. తల నా భుజం మీద వాలిపోయింది. విషం తిన్నప్పుడు చేసే నంబరుకి ఫోన్ చేశాను. అవతలావిడ నెమ్మదిగా అడుగుతోంది, ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎంతసేపైంది. వసని ఇంగ్లీషులో ఏమంటారో ఆ క్షణానికి గుర్తు రాలేదు. ఒక వేరు, మా దేశంలో పిల్లలకి ఇస్తారు అని మాత్రం చెప్పగలిగాను. స్వీట్ ఫ్లాగ్ అని తర్వాత తట్టింది. పాప మగతగా ఉందని విని, ఆవిడ ఆలస్యం చేయకుండా తీసుకెళ్లి చూపించమంది.

అమ్మని వెనకసీట్లో పాప పక్కన కూర్చోబెట్టాను. దారంతా అద్దంలో పాప మొహమే చూస్తూ డ్రైవ్ చేశాను. నా భయాలన్నీ వరసగా వచ్చాయి. ముందు పాపకేమైనా అవుతుందని. ఆ వెనకే, వాళ్లు అడుగుతారు, ఎవరు పెట్టారని రాసుకుంటారు, తెలియని మనుషులు ఇంటికి వస్తారు, పిల్లని చూసుకోవడం రాదంటారు. అలాంటి కథలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని చదవలేదు! మాట రాని పిల్ల. ఎవరైనా దాన్నేమైనా అడిగితే అది ఏం చెప్పగలదు. వెనక నుంచి అమ్మ ఒకసారి పెట్టలేదే తల్లీ అంది. 

మా ఆయన ఆఫీస్ నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చాడు. పాపని నా చేతుల్లోంచి తీసుకున్నాడు. నర్సు వచ్చి బరువు చూసి, వేలికి క్లిప్ పెట్టి, అడిగింది. ఏం తిన్నది? నేను ఊపిరి పీల్చుకుని, వేరు గురించి చెప్పాను. ఎవరు ఇచ్చారు? నేను అమ్మ వైపు చూశాను. ఏ భాషలో అడిగినా ఆ ప్రశ్న ఆవిడకి అర్థమైపోయేదే.

అమ్మ కుర్చీలోంచి లేచింది. నర్సు ముందుకి వచ్చి, నోరు తెరిచి, నాలిక బయటపెట్టింది. నాలికంతా గోధుమరంగు మరక. చిటికెన వేలు చూపించింది, ఆ గోరు చుట్టూ కూడా అదే మరక. తర్వాత పాప దగ్గరికి వెళ్లి, దాని గడ్డం పట్టుకుని మెల్లిగా నోరు తెరిపించింది. పాప నాలిక గులాబీ రంగులో శుభ్రంగా ఉంది.

నర్సుకి ఏమర్థమైందో తెలియదు, నా వైపు చూసింది. నేను అమ్మని అడిగాను, నువ్వెందుకు రాసుకున్నావని.

అమ్మ పాపని చూస్తూ చెప్పింది. "మూడు భాషలు ఎక్కువయ్యాయి అన్నారుగా. తగ్గిస్తే నాదే కదే తగ్గాల్సింది. నేనా, ఆరు నెలలుండి పోయేదాన్ని. వాళ్ల నాన్న మాటల్తోనే మాట్లాడదామని చూశాను, నాకు ఒక్కటీ తిరగట్లేదు. అందుకని నా నాలిక్కి రాసుకున్నాను."

 కుర్చీలో కూలబడ్డాను. ఆవిడ ఏమంటోందని మా ఆయన అడిగాడు. ఇంగ్లీషులో చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి చెప్పాను. ఆయన విన్నాడు. పాపని ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో అమ్మ మరక వేలిని పట్టుకున్నాడు. ఆయనకి అత్తగారి చెయ్యి పట్టుకోవడం అలవాటు లేదు, ఆవిడకీ అలవాటు లేదు. ఆవిడ సిగ్గుపడి చెయ్యి లాక్కుంది.

నేను అప్పుడు ఫోన్ తీశాను, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి. డేకేర్ నుంచి మధ్యాహ్నం వచ్చిన మెసేజ్ చూడకుండా అలాగే ఉంది. పాప క్లాసులో కొంతమందికి వాంతులవుతున్నాయి, మీ పిల్లల్ని గమనించుకోండి అని. డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూసి, అదే అయి ఉంటుందన్నాడు. రెండు గంటలు ఉంచి, చెంచాతో కొద్దికొద్దిగా నీళ్లు పట్టించి, నిలబడ్డాయని చూసుకున్నాక ఇంటికి పంపేశారు. వెళ్లేముందు నర్సు అమ్మతో, నువ్వు కూడా అది తినొద్దు అంది. అమ్మ ఓకే అంది.

పాప ఆ రెండు గంటలూ ఆయన ఒళ్లో ఉంటే, ఎదురుగా అమ్మ కూర్చుని నెమ్మదిగా చప్పట్లు కొట్టింది. ఆస్పత్రికి వాళ్ల మాట సీకె-హూస్, జబ్బుల ఇల్లు అని అర్థం. మొదటి అచ్చు మనకి లేదు, ఈ-కీ ఊ-కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అమ్మ ఆ అచ్చుని పాడుచేసింది గానీ, ముక్కలు మాత్రం సరిగ్గా మూడు కొట్టింది, సీ, కె, హూస్. చివర్న ఉకారం పెట్టలేదు. ఆయన తలూపాడు. పాప అన్ని చప్పట్లూ చూసింది. చెయ్యి కదపలేదు.

ఇంటికొచ్చాక అమ్మకి నేను చెప్పాల్సింది చెప్పాను. డాక్టరు నిజంగానే భాషల వల్ల కాదని చెప్పిందని, ఆ పాట్‌లక్ ఆవిడకి ఏమీ తెలియదని, నువ్వు మాట్లాడకపోతే ఇంట్లో నాకే ఊపిరాడటం లేదని. అమ్మ విని, మరి దేనివల్లట అని అడిగింది. నా నోరు తెరుచుకుంది. ఆ మెత్తటి మాట నాలిక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. రేపు చెబుతానులే అన్నాను. పొద్దున్నే వంటింట్లోంచి ఎదురింటి కుక్క కబుర్లు వినబడ్డాయి. మంచం మీద నుంచి లేవకుండా చాలాసేపు విన్నాను.

నిపుణురాలు వచ్చే రోజు రానే వచ్చింది. ఇల్లు రెండుసార్లు ఊడ్చాను. పాపని బాగా నిద్రపుచ్చి, లేచాక ఇష్టమైన గౌను వేసి, మళ్లీ అంత ముస్తాబు చేస్తే నటిస్తున్నామనుకుంటుందేమోనని అది విప్పి మామూలుది వేశాను. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూస్తున్నాడు.  ఆవిడ అడుగుతుంది. నేను చెప్పాలి. మళ్లీ సమ్‌టైమ్స్ అంటాను, నాకు తెలుసు. నిజం చెబితే ఆ మాట ఆవిడ నోట్లోంచి బయటకి వస్తుంది. చెప్పకపోతే పాపకి జరగాల్సింది జరగదు. రెండూ భయమే.

వంటింట్లోకి వెళ్లి, ఆ వస ఇంకా ఉందా అని అమ్మని అడిగాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. నిషేధమన్నావుగా అనలేదు, దేనికి అనలేదు. సానరాయి తీసి, నాలుగు చుక్కల తేనె వేసి అరగదీసింది. "నోరు తెరువు," అంది.

తెరిచాను. చిటికెన వేలు నాలిక మీద ఇటు నుంచి అటు ఒకసారి గీసింది. ముందు తీపి, వెంటనే కారంగా, చేదుగా, కళ్లలో నీళ్లు తిరిగేంత ఘాటు. చిన్నప్పుడు ఇది ఎలా మింగానో. మింగి, కళ్లు తుడుచుకుని చూస్తే, కింద మా ఇద్దరి మధ్య పాప నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. తల బాగా పైకెత్తి, కళ్లు చికిలించి, పళ్లన్నీ కనబడేలా నోరు తెరిచి ఉంది. నాలిక బయటపెట్టి ఉంది.

మేమిద్దరం కదల్లేదు. కదిలితే మూసేస్తుందని భయం. అది మూయలేదు. మా వంకే చూస్తూ అలాగే తెరుచుకుని నిలబడింది. ఇంకా ఆలస్యమైతే కోప్పడేలా ఉంది. అమ్మ మెల్లిగా సింకు దగ్గరికి జరిగి, వేలు సబ్బు పెట్టి ఒకటికి రెండుసార్లు కడుక్కుంది. సీసాలోంచి ఉత్త తేనె తీసుకుని ఆ చిన్న నాలిక మీద రాసింది. పాప నోరు మూసుకుని చప్పరించి, మళ్లీ తెరిచింది.

బెల్ మోగింది. మా ఆయన తలుపు తీశాడు. ఆవిడ బూట్లు విప్పి లోపలికి వచ్చి, పాప ఎదురుగా కార్పెట్ మీద కూర్చుని, సంచీలోంచి రంగు దిమ్మలు తీసి పరిచింది. నన్ను కూడా కూర్చోమంది. ఒకటి రెండు కబుర్లయ్యాక ఆ ప్రశ్న అడిగింది, నేను ఎదురుచూసిందే. మీరు చేసేది చూసి పాప చేస్తుందా?

నా నాలిక మీద చేదు ఇంకా పోలేదు.

"ఇంతవరకూ ఎప్పుడూ చేయలేదు," అన్నాను. "ఇప్పుడే చేసింది."